నీళ్ల కాడి ముచ్చట: ఎనిమిదో బోరు వేయమంటారా?

ఎండలు ముదిరాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నీళ్లవే. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు, అందుకే ఊరి దిక్కు మాత్రమే ఇస్తున్నాను. కొత్తగా చదివేవాళ్లకు నా సంగతి: భూగర్భజలాల కొలువులో 31 ఏళ్లు ఊరూరా బావుల నీటిమట్టం కొలిచాను. ఇప్పుడు నల్లగొండలో, పానగల్లు చెరువుకు నడిచిపోయేంత దూరంలో ఉంటున్నాను. మా నాయిన ఊరి నీరటి, అంటే చెరువు నీళ్లు పొలాలకు వంతులేసి వదిలేవాడు. నాకు తెలిసింది ఈ రెండు కొలువుల్లో తెలిసిందే.

*

సారూ, నాలుగెకరాల బత్తాయి తోట ఉన్నది. చెట్లకు పదకొండేండ్లు. ఇప్పటికి ఏడు బోర్లు వేసిన. ఆరు పోయినై. ఒకటి ఇంచు పోస్తది, అది గూడ గంట పోసి ఆగుతది. కొబ్బరికాయ పట్టి పాయింట్ చూసేటాయన తూర్పు గెట్టు కాడ 700 ఫీట్లకు జల ఉన్నదంటుండు. అప్పిచ్చేటాయన గూడ తయారుగున్నడు. ఎనిమిదోది వేయమంటరా? తోట ఎండుతుంటే చూడలేకున్న.
— ఒక రైతు, నాంపల్లి మండలం, నల్లగొండ జిల్లా

వేయకు తమ్ముడూ. కారణాలు తర్వాత, ముందు ఈ మాట. అప్పు కాగితం మీద సంతకం పెట్టేలోపు నీకు ఈ ఒక్క ముక్క చేరితే చాలు.

పాయింట్ చూసేటాయన మీద నాకు కోపం లేదు. కానీ కొబ్బరికాయ నిలబడ్డా, వేపపుల్ల తిరిగినా కింద రాయి మాత్రం మారదు. మన కాళ్ల కింద ఉన్నది గ్రానైటు. పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద పగుళ్ల రాయి, ఇంకా కిందికి పోతే పగులు లేని బండ. నీళ్లుండేది మొరంలోనూ పగుళ్లలోనూ, బండలో కాదు. మన దిక్కు చాలా చోట్ల మొరం మందం పది, పదిహేను మీటర్లే. కిందికి పోయేకొద్దీ పగుళ్లు పలచబడతాయి. 700 అడుగుల్లో ఒక పగులు తగలదని నేననను. తగిలినా అందులో ఉన్నవి ఎన్నో ఏళ్ల కింద దిగిన పాత నీళ్లు. తోడితే ఒక ఎండాకాలం వస్తాయేమో. మళ్లీ అంత లోతుకు నీళ్లు దిగాలంటే ఎన్ని వానకాలాలు కావాలో!

నువ్వు లెక్క రాసే మనిషివని ఉత్తరంలోనే తెలుస్తోంది, కాబట్టి ఒక లెక్క వేద్దాం. మన దిక్కు ఏడాదికి పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. ఎకరం మీద పడిన చినుకులన్నీ కూడితే 28 లక్షల లీటర్లు. అందులో ఆవిరయ్యేది, చెట్టూ చేమా తాగేది, వాగుల్లో పోయేది తీసేస్తే ఈ రాతి నేలలో లోపలికి దిగేది సుమారు పదో వంతు. అంటే 2 లక్షల 80 వేల లీటర్లు. ఇక ఎకరం యాసంగి వరికి తక్కువలో తక్కువ 1200 మిల్లీమీటర్ల నీళ్లు పెట్టాలి. 48 లక్షల లీటర్లు. భాగించి చూడు. పదిహేడెకరాల్లో దిగిన వాన ఒక ఎకరం యాసంగి వరికి పోతోంది. పెట్టిన నీళ్లలో సగం మళ్లీ భూమిలోకి దిగాయనుకున్నా ఎనిమిదిన్నర ఎకరాలు. నీ తోట చుట్టూ ఎంత వరి ఉందో నువ్వు రాయలేదు. గెట్టు మీద నిలబడి ఒకసారి చూసుకో, ఆరు బోర్లు ఎందుకు పోయాయో నీకే అర్థమవుతుంది.

అంతమాత్రాన పక్క రైతును తిట్టుకోకు. అతని బోరు ఎండితే అతనూ నీ తోట దిక్కే చూస్తాడు. 2018 జనవరి 1 నుంచి మనకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. అర్ధరాత్రి పాముల భయంతో మోటరు కాడికి పోయే బాధ తప్పింది. ఆ బాధ పడ్డవాళ్లకే దాని విలువ తెలుసు, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆటో స్టార్టరు పెట్టిన మోటరు నీళ్లున్నా లేకున్నా తనంతట తానే లేస్తుంది, గుటక గుటకగా తోడుతూనే ఉంటుంది. ముందు నీ మోటరుకు ఆ డబ్బా ఉంటే తీసేయి.

మా నాయిన సంగతి చెప్తాను. యాసంగికి ముందు ఊరంతా చెరువు కట్ట మీద కూడి తైబందీ చేసేవాళ్లు. చెరువులో ఎంత నీరుందో తూము రాతి మీది గీతలను బట్టి చూసేవాళ్లు. నిండుగా ఉంటే ఆయకట్టంతా వరి, సగముంటే సగం. తూము కర్ర మా నాయిన చేతిలో ఉండేది. వంతు రానిదే ఎవరికీ ఎత్తేవాడు కాదు. ఒకసారి ఊరి పెద్దమనిషి పొలానికి ఎత్తనన్నందుకు దెబ్బలు కూడా తిన్నాడు. ఏడాదంతా కాపలా ఉన్నందుకు కళ్లం కాడ ఆయనకు వచ్చేది మేర, కొన్ని కుంచాల వడ్లు. ఆ కాలం బంగారమని నేను చెప్పను. నీళ్లు అందీ అందక ఎండే చివరి మడులు ఎవరివో అప్పుడూ ఊరందరికీ తెలుసు. కానీ చెరువులో నీళ్లు ఎంతున్నాయో కూడా ఊరందరికీ తెలుసు. రోజూ కళ్లబడేవి, గీత దిగుతుంటే గుండె దిగేది, ఎంత నాటు వేయాలో ఆ గీతే చెప్పేది. బోరులో నీళ్లు ఎవరికి కనబడతాయి? అందుకే ఎవరికి వాళ్లు తమ బోరు ఉన్నన్నాళ్లు ఉన్నాయనుకుంటారు.

నా కొలువంతా ఆ కనబడని గీతను చూడడమే. స్టీలు టేపు చివర సుద్ద పూసి బావిలోకి దింపుతాం. తడిసిన కాడ సుద్ద నల్లబడుతుంది, పైకి తీసి అంకె రాసుకుంటాం. ఒక ఊళ్లో గిరక బావి పక్క ఇంట్లో ఒక పెద్దమ్మ ఉండేది. నేను పోయినప్పుడల్లా గడపలోంచి లేచి వచ్చి, "ఎంతకు పోయింది నాయినా?" అని అడిగేది. జ్వరం చూసే డాక్టరును అడిగినట్టు అడిగేది. ఏటికేడు నేను చెప్పే అంకె పెరుగుతూ పోయింది. ఒక మే నెలలో టేపు అడుగుకు తగిలి పొడిగా పైకొచ్చింది, పూసిన సుద్ద పూసినట్టే ఉంది. ఏం చెప్పాలో తోచక టేపు చుడుతూ నిలబడ్డాను. "అడుగు తగిలిందా?" అని ఆమే అడిగింది. అప్పుడు 200 గజాల అవతల ఆమె పెద్దకొడుకు బోరు నడుస్తున్న చప్పుడు ఇద్దరికీ వినబడుతోంది.

ఇక నీ తోట. నాలుగెకరాలూ కాపాడాలనుకుంటే నాలుగూ పోతాయి. బాగా కాసే రెండెకరాలు ఎంచుకో. ఉన్న ఇంచు నీళ్లు డ్రిప్పుతో వాటికే పెట్టు. మిగిలిన రెండెకరాల చెట్లకు కొమ్మలు తగ్గించు, కత్తెర కాపు ఈ ఏడు వదిలేయి. చెట్టు పాదులో ఎండు ఆకు, వరిగడ్డి జానెడు మందాన పరువు, మొదలుకు మాత్రం ఆనకుండా చూడు. వాన పడేలోపు వాలుకు అడ్డంగా కందకాలు తీయించు, ఉపాధి హామీ పనుల్లో కుదురుతుందేమో అడుగు. పోయిన ఆరు బోర్లలో వాన నీరు చేరే పల్లంలో ఉన్న ఒకదాని చుట్టూ గుంట తీసి, పెద్ద రాళ్లు, కంకర, ఇసుక పొరలుగా నింపితే వడకట్టిన నీళ్లు లోపలికి దిగుతాయి. మందులు, ఎరువులు కలిసిన నీళ్లు అందులోకి పోనీయకు. మిగతా ఐదింటికీ ఇవాళే మూతలు బిగించు. రేపు కాదు. తెరిచి ఉన్న బోరు పొక్క పసిపిల్ల ప్రాణం తీస్తుంది.

ఇంకొక మాట. పాలమూరు దిక్కు కొన్ని ఊళ్లలో రైతులు తమ బోర్లను ఒకే పైపులైనుకు కలుపుకొని, నీళ్లు వంతులేసుకొని, కొత్త బోరు వేయమని కూడబలుక్కున్నారు. మీ చెలకలో నీతో కలిసొచ్చేవాళ్లు ఇద్దరు దొరికినా మొదలుపెట్టవచ్చు. ముందు ఊరి పాత బావి ఒకటి పట్టుకొని నెలకొకసారి కొలవండి. టేపు లేకపోతే తాడుకు రాయి కట్టి దింపండి. ఆ అంకె పంచాయతీ గోడ మీద రాయండి. అప్పిచ్చేటాయనకు ఆ గోడ చూపించు.

*

మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఇంట్లకొచ్చి ఐదారేండ్లయింది. తాగుడు అవే. కాని మా అత్తమ్మ పప్పు మాత్రం బోరింగు నీళ్లతోనే వండాలంటది. నల్లా నీళ్లకు కందిపప్పు గింజ గింజగుంటదట, బోరింగు నీళ్లకు ఇట్ల పెడితే అట్ల ఉడుకుతదట. నేను గూడ చూసిన, నిజమే. కాచినంక ఏం దోషముంటదే అంటది. నా బిడ్డకు నాలుగేండ్లు. ఏం చేయాలె?
— ఒక తల్లి, మర్రిగూడ మండలం

అమ్మా, మీ అత్తమ్మ చూసింది నిజం. ఆమె చెప్పింది మాత్రం తప్పు. ఈ రెండూ విడదీసి ఆమెకు చెప్పు, ఎందుకంటే ఆమె కళ్లను కాదంటే నీ మాట వినదు.

పప్పు ఉడకనిచ్చేది, ఉడకనివ్వనిది నీళ్లలోని కాల్షియం. అది ఎక్కువుంటే పప్పు బిరుసుగా ఉంటుంది. తక్కువుండి, సోడా గుణం ఎక్కువున్న నీళ్లలో పప్పు వెన్నలా కలుస్తుంది. మీ దిక్కు గ్రానైటులో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు సరిగ్గా అట్లాంటివి. కాల్షియం ఉంటే అది పళ్లనూ ఎముకలనూ చెడగొట్టే ఫ్లోరైడును పట్టుకొని రాయిలా గడ్డకట్టించేది, నీళ్లలో కరగనిచ్చేది కాదు. కాల్షియం లేదు కాబట్టే ఫ్లోరైడు నీళ్లలో నిలిచింది, అది లేదు కాబట్టే పప్పు ఉడికింది. మీ ఇంట్లో పప్పు తొందరగా మెత్తబడడమే ఆ నీళ్ల మీద అనుమానం పడడానికి గుర్తు. మా నల్లగొండ వంటిండ్లలో ఇది నేను ఎన్నోసార్లు చూశాను.

కాచితే క్రిమి చస్తుంది, ఫ్లోరైడు పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ గిన్నెలో ఉన్నది చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిదని, వేరే దారి లేకుంటే 1.5 దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం. మీ దిక్కు బోర్లలో 4, 5 కూడా నేను రాసుకున్నాను. అన్నానికి, పప్పుకు, చారుకు కలిపి రోజుకు మూడు లీటర్లు అవే పోస్తే, గంజి వార్చనప్పుడు 12 మిల్లీగ్రాములు కుటుంబం కడుపులోకే పోతుంది. తాగేది భగీరథ నీళ్లయినా పళ్లెంలో ఉన్నది బోరింగే.

నీ బిడ్డకు నాలుగేళ్లు. పాలపళ్లు పోయి వచ్చే పళ్ల పైపొర ఇప్పుడే చిగుళ్ల లోపల కడుతోంది. ఎనిమిదేళ్ల దాకా ఆ పని నడుస్తుంది. ఇప్పుడు పడిన గార తర్వాత ఏ పండ్లపొడితో తోమినా పోదు. పళ్లతో ఆగితే బాధ లేదు. మీ దిక్కు బస్టాండులో ఒకాయనను చూశాను, నాకంటే చిన్నవాడే. వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలిస్తే మెడ తిప్పలేక, కర్ర ఆనించి, పాదాలు కొంచెం కొంచెం జరుపుకుంటూ ఒళ్లంతా తిప్పి చూశాడు. ఆయన తిరిగేలోపు పిలిచిన మనిషే ముందుకొచ్చి నిలబడ్డాడు.

ఆయన తరానికి వేరే నీళ్లు లేవు. నాగపూర్‌లోని నీరి సంస్థవాళ్లు పటిక, సున్నం, బ్లీచింగు కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతి కనిపెట్టి దానికి మన ఊరి పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. మన పేరు శాస్త్ర పుస్తకాల్లోకి పోయింది. నీళ్లు మాత్రం ఎన్నో ఏళ్లు ఇంటికి రాలేదు. భగీరథ పైలాన్ 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో వేసినప్పుడు నేను కట్ట మీద ముసలాళ్లతో కూర్చొని ఆ మాటే అనుకున్నాను. ఇప్పుడు కృష్ణ నీళ్లు మీ గడపలోకి వచ్చాయి. పప్పు కోసం వాటిని కాదనుకోవద్దు.

చేయాల్సింది చిన్న పనే. రాత్రి పప్పు కడిగి నల్లా నీళ్లలోనే నానబెట్టు, పొద్దున కుక్కర్‌లో పెట్టు. ఉప్పు, చింతపులుసు పప్పు ఉడికాకే వేయి, ముందే పులుసు పోస్తే ఏ నీళ్లకైనా పప్పు బిగుస్తుంది. చింతపండు మాత్రం మానకు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవాళ్లు బడిపిల్లలకు చింతపండు పెట్టి చూస్తే మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయింది. పాలు, పెరుగు, రాగి జావ, మునగాకు పిల్లకు అలవాటు చేయి. ఇవన్నీ మంచి నీళ్లకు తోడే, వాటికి బదులు కావు. ఒకరోజు మీ అత్తమ్మకు చెప్పకుండా నానబెట్టిన పప్పు వండి పెట్టు. తిన్నాక చెప్పు.

*

మాది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె, డిగ్రీ చదువుతున్నాను. పోయిన బతుకమ్మకు మా చేను చుట్టూ తిరిగినా గునుగు పువ్వు దోసెడు దొరకలేదు. పట్నంలో అంగడికి పోయి కట్టలు కొనుక్కొచ్చాం. మా అమ్మ చిన్నప్పుడు గంపలకొద్దీ తెచ్చేవాళ్లట. గునుగు ఎక్కడికి పోయింది?
— ఒక విద్యార్థిని

బిడ్డా, ఎక్కడికీ పోలేదు, మనమే చంపాం. గునుగు ఎవరూ విత్తని మొక్క. జొన్న చేలో, సజ్జ చేలో, కంది సాళ్ల మధ్య దానంతటదే మొలుస్తుంది. కలుపు తీసేవాళ్లు చాలావరకు పీకేసేవాళ్లు, కానీ గెట్టు మీదా, సాలు చివరా కొంత మిగిలేది. మిగిలిందే పండక్కి పూసేది, గింజ రాల్చేది. ఇప్పుడు జొన్న పోయింది, పత్తి వచ్చింది. కలుపు కూలి దొరకక గడ్డి మందు వచ్చింది. మందు కొట్టే మనిషి సాలులో కొట్టి ఊరుకోడు, గెట్టు మీద కూడా ఒక వరుస కొట్టి పోతాడు. గింజ కట్టకముందే మొక్క మాడిపోతే మరుసటేడు మొలిచేదేముంది?

మీ అమ్మ దగ్గర కూర్చొని ఒక పని చెయ్యి. ఈసారి అంగడిలో కొన్న గునుగులో బాగా ముదిరిన నాలుగు కంకులు పక్కన పెట్టు. ఎండాక అరచేతిలో నలిపితే నల్లగా మెరిసే సన్న గింజలు రాలుతాయి, ఆవగింజ కంటే చిన్నవి. అవి గుడ్డలో కట్టి దాచు. మృగశిర కార్తెలో మొదటి వాన పడగానే మీ చేను గెట్టు మీద చల్లు, మట్టి కప్పాల్సిన పని లేదు. అన్నింటికంటే ముఖ్యం, మందు కొట్టే రోజు మీ నాయినతో కలిసి చేనుకు పో. గెట్టు కాడ రెండు మూరల జాగా వదిలేయమని అడుగు. ఆడపిల్ల బతుకమ్మకని అడిగితే పాలమూరు తండ్రి కాదనడు. తంగేడు ఇంకా గుట్టల మీద మిగిలింది. ఆ గుట్టలకు క్రషర్లు వచ్చిన కాడ అదీ లేదు.

*

మూసీ కాలువ కింద పొలం. మడిలో దిగితే కాళ్లు దురద, నురగ మోకాలెత్తు వస్తది. ఈ వడ్లు మేం తినం, అమ్ముతం. తప్పు చేస్తున్నమా?
— వలిగొండ మండలం నుంచి

తప్పు మీది కాదు, అన్నా. మీ ఉత్తరం చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సాగర్ వెనక నీళ్లు పుట్టంగండి కాడ ఎత్తి, అక్కంపల్లిలో నిలిపి, కోదండాపురంలో శుద్ధి చేసి హైదరాబాద్‌కు పంపుతారు. మన జిల్లా మీంచే పోతాయి. అవే నీళ్లు పట్నం వాడుకున్నాక, ఇంటి మురుగు, ఫ్యాక్టరీల మందులు కలుపుకొని మూసీలో మీ పొలానికి వస్తాయి. మీ పొలం దాటి వాడపల్లి కాడ మళ్లీ కృష్ణలోనే కలుస్తాయి. పట్నంలో బాధ్యతగా బతుకుతున్నామనుకునేవాళ్లు ఒకసారి మీ మడిలో కాలు పెట్టి చూడాలని నా కోరిక.

అమ్మకం మానమని నేను చెప్పలేను, మీకు వేరే నీళ్లు లేవు. మడిలో దిగేటప్పుడు గమ్ బూట్లు వేసుకోండి, బయటికి రాగానే సబ్బుతో, మంచి నీళ్లతో కడుక్కోండి. పచ్చిగా తినే కొత్తిమీర, టమాట, ఆకుకూరలు ఆ నీళ్లతో పండించవద్దు. కాలువ పక్క బావి నీళ్లు తాగవద్దు, పశువులకు కూడా వేరే తొట్టి పెట్టండి. పుండ్లు మానకపోతే చర్మం డాక్టరుకు చూపించండి. చూపించిన కాగితాలు జాగ్రత్తగా దాచండి. రేపు మీ ఊరంతా ఒక మాట మీద నిలబడి అడిగే రోజు వస్తే పనికొస్తాయి.

*

మా ఊరి కుంట కల్వకుర్తి రోడ్డు పక్కనే ఉన్నది. ఎండాకాలం ఎండగానే రాత్రిపూట టిప్పర్లతో మొరం పోస్తున్నరు. అడిగితే శిఖం పట్టా ఉన్నదంటరు. మేం పదిమంది పిలగాళ్లం. ఏం చేయగలం?
— యువకులు, నాగర్‌కర్నూల్ జిల్లా

పట్టా ఉండొచ్చు. శిఖం అంటే చెరువు నీళ్లు నిలిచే నేల. శిఖం పట్టా అంటే నీళ్లు వెనక్కి పోయినప్పుడు ఆ జాగాలో పంట వేసుకునే హక్కు. పూడ్చే హక్కు కాదు, ఇల్లు కట్టే హక్కు అంతకన్నా కాదు. ఆ తేడా వాళ్లకూ తెలుసు, లేకపోతే రాత్రిపూట ఎందుకు పోస్తారు?

కుంట చిన్నదని ఎవరైనా అంటే వినకండి. పాలమూరు చెరువులు గొలుసుకట్టు. పై కుంట అలుగు పోస్తే కింది చెరువు నిండుతుంది. ఒక కొక్కెం తెగితే కింద ఊళ్లో ఆయకట్టు ఎండుతుంది, గట్టి వాన పడ్డనాడు ఆ నీళ్లకు నిలిచే జాగా లేక ఇండ్లలోకి వస్తాయి.

ముందుగా తహసీల్దారు కార్యాలయంలో ఊరి నక్ష, పాత పహాణీ నకళ్లు తీసుకోండి. సర్వే నంబరులో శిఖం అని ఎంత విస్తీర్ణం రాసి ఉందో చూడండి. నీటిపారుదల ఇంజనీరును ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు నిండినప్పుడు నీరు నిలిచే గీత, కొలిచి రాళ్లు పాతమని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. గ్రామసభలో తీర్మానం రాయించండి. 2002 నాటి వాల్టా చట్టం నీళ్లనూ, నేలనూ, చెట్లనూ కలిపి కాపాడమని చేసింది, ఫిర్యాదులో దాని పేరు రాయండి. టిప్పరుకు అడ్డం పడుకోవద్దు, మీ తల్లుల ముఖం చూసి చెప్తున్నాను.

అన్నింటికంటే పెద్ద సాక్ష్యం మీ చేతిలోనే ఉంది. వానకాలంలో కుంట నిండినరోజు, కదలని గుర్తు ఒకటి, గుడి గానీ, కరెంటు స్తంభం గానీ, పక్కన పడేలా ఫోటోలు తీయండి. ఏటా అదే జాగా నుంచి తీయండి. ఊళ్లో ముసలి నీరటి ఎవరైనా బతికుంటే ఆయనను చేయి పట్టి కుంట కాడికి తీసుకుపోండి. నీళ్లు ఎక్కడిదాకా వచ్చేవో ఆయన కాళ్లకు తెలుసు. ఆయన నడిచిన గీత మీదే సున్నం పోయండి.

*

తాతా, నేను ఏడో తరగతి. పోయినేడు మా చెరువు అలుగు పోసింది. చేపలు కిందికి పోకుండా నీళ్లకు ఎదురుగా పైకి ఎగురుతున్నాయి. ఎందుకు?
— దేవరకొండ దగ్గర నుంచి

బంగారం, నీ ఉత్తరమే ఈ నెల మొదట చదివాను, చివరకు దాచుకున్నాను.

కొత్త నీరు వచ్చిందంటే చాలా చేపలకు గుడ్లు పెట్టే కాలం వచ్చిందన్నట్టు. పారే నీళ్ల చల్లదనం, మట్టివాసన తగలగానే వాటికి ఆ కబురు తెలుస్తుంది. లోతు తక్కువుండి, గడ్డి మునిగిన కొత్త జాగాలో పిల్లలకు తిండి ఎక్కువ, మింగే పెద్ద చేపలు తక్కువ. అందుకే ప్రవాహానికి ఎదురెక్కి అట్లాంటి జాగాలు వెతుక్కుంటూ పోతాయి. జెల్లలు, పరకలు అలుగు రాళ్ల మీద ఎగిరెగిరి పడడం నువ్వు చూసే ఉంటావు. కొర్రమీను మాత్రం చెరువు అంచున గడ్డిలోనే గూడు చేసుకుంటుంది, ఎర్రగా మెరిసే పిల్లల గుంపు కింద తల్లీ తండ్రీ కాపలా తిరుగుతాయి. బొచ్చె, రవ్వ లాంటివి నిలిచిన నీళ్లలో గుడ్లు పెట్టవు, అందుకే ప్రతి ఏడూ చేపపిల్లలు తెచ్చి చెరువులో వదులుతారు.

నా చిన్నప్పుడు అలుగు పోసిన రోజు ఊరంతా వలలతో, గంపలతో పరుగెత్తేవాళ్లం. మా నాయిన అలుగు మధ్యలో నిలబడి, తూము దిక్కు సగం వదిలేయమని అరిచేవాడు. మొదటి రెండు రోజులు ఆ సగంలో ఎవరూ వల కట్టేవాళ్లు కాదు. మా అన్న ఒకసారి చీకట్లో కడితే, పొద్దున్నే ఆ వల విప్పించి నాతోనే చేపలన్నీ పైనీళ్లలో వదిలించాడు. ఒకటి నా చేతిలోంచి జారి మళ్లీ అలుగు కిందికే పడింది. చూస్తుండగానే తిరిగి ఎగిరింది.

ఈ ఏడు మీ చెరువు అలుగు పోస్తే ఎన్ని రకాలు ఎక్కాయో లెక్కపెట్టి రాయి. పేర్లు తెలియకపోతే మీ ఊరి ముదిరాజు తాతను అడుగు, బొమ్మ గీసి పంపినా సరే.